వజ్రపరీక్ష – దోషనిర్ణయము



అమ్మవారికి ముక్కుపుడక చేయింతుమని, స్వామివారి కిరీటములో ఒక రవ్వ పొదిగింతుమని మ్రొక్కుకొన్న భక్తులు మన పాతబస్తీలో ఎందరో కలరు. వారు చార్‌కమాన్, గుల్జార్‌హౌజ్ ప్రాంతపు నగల అంగళ్ళకు వెళ్ళి రవ్వను ఎంచుకొని, దానితోపాటు ఇచ్చిన యోగ్యతాపత్రమును మాకు తెచ్చి చూపుచుందురు. ఆ పత్రములో ‘వీఎస్’ అనియో ‘ఎస్ఐ’ అనియో రెండు మూడు అక్షరములుండును. రాతిలో దోషమున్నదని ఆ అక్షరములకు అర్థమని ఎవరో చెప్పగా విని, “అయ్యా! దోషమున్న రాతిని దేవునికి సమర్పింపవచ్చునా? ఇంటికి కీడు కాదా?” అని దిగులుతో అడుగుచుందురు.

ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. కష్టార్జితమును వెచ్చించి దేవునికి ఇచ్చువాడు మంచిదానినే ఇయ్యవలెనని కోరుట సహజము. అందుచేత వజ్రదోషమును గూర్చి మన పూర్వులు ఏమి చెప్పిరో, మన గోలకొండ వర్తకులు దానిని ఎట్లు చూచిరో, నేటి పత్రములోని అక్షరములకు అర్థమేమో క్రమముగా విచారించి, తుదకు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొందము.

మొదట శాస్త్రము. కౌటిల్యుని అర్థశాస్త్రములో రాజకోశమునకు చేర్చదగిన రత్నములను పరీక్షించు అధ్యాయము కలదు. పెద్దదిగా నుండుట, బరువుగా నుండుట, దెబ్బకు తాళుట, కోణములు సమముగా నుండుట, పాత్రపై గీత గీయగలుగుట, కదురువలె తిరుగుట, కాంతులీనుట అనునవి వజ్రమునకు గుణములని అతడు చెప్పినాడు. కోణములు పోయినది, అంచులు లేనిది, ఒక ప్రక్కకు ఒరిగినది మంచిది కాదన్నాడు. ఇది స్తోత్రము కాదు. బొక్కసమును కాచు అధికారి మోసపోకుండుటకు ఇచ్చిన ఆజ్ఞ.

క్రీస్తుశకము 6వ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో మరికొంత ముందుకు వెళ్ళి దోషములను పేరుపేరున లెక్కించినాడు. కాకిపాదమువంటి గుర్తు కలది, ఈగవంటి మచ్చ కలది, వెంట్రుకవంటి గీత కలది, అన్యధాతువు కలిసినది, ఇసుకరేణువు దూరినది, మసకబారినది, పగుళ్ళు కలది శుభము కావు. నీటిబుడగవలె నున్నది, మొన విరిగినది, చప్పటగా నున్నది కూడ ఆ వరుసలోనివే. తరువాతి రత్నశాస్త్రకారులు వీనిని క్రోడీకరించి మలము, బిందువు, యవ, రేఖ, కాకపదము అని ఐదు దోషములుగా చెప్పిరి. లోపల మడ్డివలె కనబడునది మలము. చుక్కవలె నుండునది బిందువు. యవగింజ ఆకారమున నుండునది యవ. గీతవలె నుండునది రేఖ. కాకి అడుగువలె చీలియుండునది కాకపదము. రాతిని చేతబట్టి, వెలుతురునకు అడ్డముగా నుంచి, కన్ను చికిలించి చూచినవారు పెట్టిన పేర్లివి.

గరుడపురాణములో రత్నపరీక్షాధ్యాయములు కలవు. బలుడను అసురుడు తన దేహమును యజ్ఞమునకు అర్పించగా అతని అస్థులు వజ్రములైనవని అచ్చట కథ. ఆ కథ చెప్పిన పురాణమే వజ్రమునకు ఆరు మొనలు, ఎనిమిది ముఖములు, పన్నెండు అంచులు ఉండునని లెక్క చెప్పినది. బుద్ధభట్టుని రత్నపరీక్షలోను ఇదే లెక్క కలదు. చతురస్రమైన అడుగు గల రెండు గోపురములను అడుగులు కలిపి ఒకటి పైకి, ఒకటి క్రిందికి నిలిపినట్లు ఊహించుకొనుడు. మొనలు ఆరు, ముఖములు ఎనిమిది, అంచులు పన్నెండు. గనిలో చక్కగా ఏర్పడిన వజ్రము ఈ ఆకారముననే దొరకును. నేటి స్ఫటికశాస్త్రము చెప్పునదియు ఇదియే.

ఇనుము, పుష్యరాగము, గోమేధికము, వైడూర్యము, స్ఫటికము, గాజు వీనితో నేర్పరులు కపటవజ్రములను చేయుదురనియు ఆ పురాణము హెచ్చరించినది. క్షారముతోను, గీతతోను, సానతోను పరీక్షింపుమన్నది. మోసమనునది మన కాలమున పుట్టినది కాదు. పరీక్షయు మన కాలమున పుట్టినది కాదు.

ఇచ్చట ఒక చిక్కును దాచక చెప్పవలెను. వజ్రము బరువుగా నుండుట గుణమని కౌటిల్యుడనినాడు. తేలికగా నుండి నీటిపై తేలునది మేలైనదని వరాహమిహిరుడనినాడు. గరుడపురాణమును ఇతర రత్నములకు బరువు గుణము, వజ్రమునకు మాత్రము తద్విపరీతమని చెప్పినది. రెండును శాస్త్రములే. ఏది గ్రహింపవలెను? వజ్రము నీటికంటె సుమారు మూడున్నర రెట్లు బరువైనది. ఎంత మేలైన వజ్రమైనను గిన్నెడు నీటిలో వేసినచో మునుగును. ప్రత్యక్షమునకు విరుద్ధమైన వాక్యము కనబడినప్పుడు దానిని అక్షరార్థముగా గ్రహింపక గుణవాదముగా, అనగా ప్రశంసగా గ్రహింపవలెనని మీమాంసకుల మర్యాద. తేలునను మాట రాతియొక్క స్వచ్ఛతను పొగడుటకు చెప్పినదని గ్రహించినచో శాస్త్రమునకు లోటు లేదు. తేలుననియే పట్టుబట్టి, మునిగిన రాతిని పారవైచువాడు శాస్త్రమును గౌరవించినవాడు కాడు.

ఇదే నియమమును భయము గొలుపు మాటలకును అన్వయింపవలెను. దోషముగల వజ్రము ధరించినవానికి బంధునాశము, ధననాశము, ప్రాణహాని కలుగునని వరాహమిహిరుడు చెప్పిన మాట నిజమే. ఆ ఒక్క మాటను పట్టుకొని జనులను భయపెట్టువారు కలరు. కాని అతడే మరియొక మాట చెప్పినాడు. దోషముగల వజ్రములకు మూల్యములో ఎనిమిదవ వంతు తగ్గింపుమన్నాడు. ఎనిమిది వంతులలో ఏడు వంతులు నిలిచియే యున్నవి. నిజముగా ప్రాణములు తీయు వస్తువైనచో దానికి ఏడు వంతుల వెల కట్టునా? నూతిలో పడవేయుమని యుండెడివాడు. కావున ఆ ఫలశ్రుతి కొనువానిని జాగరూకుని చేయుటకును, ఈ తగ్గింపు వ్యవహారమును ధర్మముగా నడపుటకును చెప్పినవని మా అభిప్రాయము. దోషమును చెప్పుము, దానికి తగినట్లు వెల తగ్గింపుము. శాస్త్రముయొక్క సారము ఇంతే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. గోలకొండ వజ్రమని లోకమంతయు అనుచుండును గాని గోలకొండలో గనులు లేవు. గనులు కృష్ణాతీరమునను, రాయలసీమలోను ఉండెడివి. కోటకును, 1578లో మూసీపై కట్టిన పురానాపూలునకును నడుమనున్న కార్వాన్ ప్రాంతము కుతుబ్‌షాహీల కాలమున వజ్రముల విపణిగా వెలసెను. రాయి ఎచ్చట పుట్టినను ఇచ్చట చేతులు మారినది గనుక ఈ ఊరి పేరే నిలిచినది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరమును నిర్మించిన తరువాత ఆ వైభవము మరింత పెరిగినది. 18వ శతాబ్దమున బ్రెజిల్ దేశములో గనులు బయటపడు వరకు లోకమునకు వజ్రములు ముఖ్యముగా మన దేశమునుండియే వెళ్ళినవి.

ఆ కాలమున ఫ్రాన్సు దేశమునుండి తావెర్నియే అను రత్నవర్తకుడు అనేక పర్యాయములు ఇచ్చటికి వచ్చి, తాను చూచినదానిని 1676లో పుస్తకముగా ప్రకటించినాడు. గోలకొండకు ఏడు దినముల ప్రయాణ దూరమున కృష్ణాతీరమందున్న కొల్లూరు గనిలో ఆడువారు, మగవారు, పిల్లలు కలిసి 60,000 మంది పని చేయుచుండిరని అతడు వ్రాసినాడు. ఆ కొల్లూరు ప్రాంతము నేడు పులిచింతల జలాశయములో మునిగినది.

గోలకొండకు ఐదు దినముల దూరముననున్న మరియొక గనివద్ద అతడు చూచిన దృశ్యమొకటి వినదగినది. పది మొదలు పదునారేండ్ల వయసుగల వర్తకుల బిడ్డలు ఉదయముననే ఊరిలోని పెద్దచెట్టు క్రింద కూర్చుందురు. ఒక్కొక్కని వద్ద తూనికరాళ్ళ సంచి ఉండును. ఎవరైనను రాయి తెచ్చినచో అందరిలో పెద్దవాని చేతికిత్తురు. అతడు చూచి ప్రక్కవానికిచ్చును. ఎవ్వరును ఒక్క మాటయు పలుకరు. అందరి చేతులలో తిరిగి రాయి మరల పెద్దవాని చేతికి వచ్చును. అప్పుడు అతడు బేరమాడును. సాయంకాలమున కొన్న రాళ్ళనన్నిటిని కుప్పపోసి, నీరు, బరువు, నిర్మలత అను మూటినిబట్టి వేరువేరుగా ఏర్చి వెల కట్టుదురు. మన వేదపాఠశాలలో బాలురు స్వరమును చెవితో పట్టుకొన్నట్లే ఆ బిడ్డలు దోషమును కంటితో పట్టుకొనిరి. ఆ విద్య పెద్దల ప్రక్కన కూర్చుండి అలవడినది.

పెద్దలు పరీక్షించు రీతియు చిత్రమైనదే. ఐరోపావారు పగటి వెలుతురున చూడగా మనవారు రాత్రివేళ చూచెడివారట. గోడలో అడుగు చతురస్రపు గూడు చేసి, అందులో లావు వత్తిగల దీపముంచి, ఆ వెలుగునకు రాతిని వ్రేళ్ళ నడుమ పట్టుకొని నీటిని, నిర్మలతను నిర్ణయించెడివారు. చుట్టును చీకటిగా నుండి వెలుతురు ఒక్క దిక్కునుండియే వచ్చినచో లోపలి మచ్చ చక్కగా తెలియును. రాతిలో నీలిచ్ఛాయ దాగియున్నదేమో తెలిసికొనుటకు దట్టమైన ఆకులుగల చెట్టునీడకు తీసికొనిపోయెడివారు. ఆ పచ్చని నీడలో నీలము పైకి తేలును.

అయితే తావెర్నియే మరియొక సంగతియు వ్రాసినాడు. రాయి నిర్మలమైనదైనచో మన సానవాండ్రు బరువు పోవునని పైపైన మాత్రము సానబట్టి విడిచెడివారు. అందులో మచ్చయో, నల్లని లేక ఎర్రని రేణువో ఉన్నచో రాతినంతటిని చిన్నచిన్న పట్టెలతో కప్పి దోషము కంటబడకుండ చేసెడివారు. ఎర్రచుక్కకంటె నల్లచుక్క మేలని కొనువారు తలచుటచే ఎర్రచుక్కగల రాతిని నిప్పులో కాల్చి నల్లచుక్కగా మార్చెడివారు. మన పూర్వుల విద్యను పొగడునప్పుడు దీనిని దాచుట తగదు. దోషమును కనిపెట్టు కన్నును, దోషమును కప్పిపుచ్చు చేయియు ఒకే అంగడిలో ఉండినవి. కౌటిల్యుడును పురాణకర్తయు పరీక్షను బోధించుటకు కారణమిదియే.

దోషమును పోగొట్టుటకు చేసిన యత్నములు కొన్ని రాతికే ముప్పు తెచ్చినవి. గోలకొండ రాజ్యమున మంత్రిగా నుండిన మీర్ జుమ్లా షాజహానునకు సమర్పించిన మహావజ్రము తొలుత 787½ క్యారెట్లు తూగినదట. అందు అనేక దోషములుండుటచే బోర్జియో అను సానపట్టువాడు దానిని అరగదీసి అరగదీసి చాల చిన్నదిగా చేసినాడు. కూలి ఇయ్యకపోగా అతనికే 10,000 రూపాయల జరిమానా వేసిరని తావెర్నియే చెప్పినాడు. 1665 నవంబరు 2వ తేదీన ఔరంగజేబు రత్నములను చూచునప్పుడు ఆ వజ్రమును అతడు చేతబట్టి తూచినాడు. బరువు 279 క్యారెట్లకు కొంచెము పైన. నీరు మంచిదనియు, క్రింది అంచున చిన్న నొక్కు, లోపల చిన్న దోషము మాత్రమున్నవనియు వ్రాసికొన్నాడు. ఏ దోషము, ఎంతటిది, ఎచ్చటనున్నది అను మూడు సంగతులును ఆ ఒక్క మాటలో వచ్చినవి.

కోహినూరు కథయు ఇట్టిదే. 1851లో లండను ప్రదర్శనలో ఉంచినప్పుడు అది తాము తలచినంతగా మెరయలేదని చూపరులు పెదవి విరిచిరి. మరుసటి ఏట మరల సానబట్టించిరి. 186 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు దిగినది. బరువును కాపాడుట మనవారి మతము, మెరుపును పెంచుట వారి మతము. రెండింటిలో ఏది కావలెనో సాన పట్టకముందే తెలిసికొనవలెను. పోయిన బరువు మరల రాదు.

ఇప్పుడు మీ చేతిలోని పత్రమును చూతము. అమెరికా దేశమున 1931లో రాబర్ట్ షిప్లే స్థాపించిన జెమొలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా అను సంస్థలో రిచర్డ్ లిడికోట్ అను విద్వాంసుని పూనికతో 1953లో ఈ నిర్మలతా క్రమము ఏర్పడినది. అంతకుముందు ఒక్కొక్క వర్తకుడు ఒక్కొక్క మాట వాడుచుండుటచే కొనువారికి దిక్కు తోచకుండెను. నేర్పరియైన పరీక్షకుడు పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దముతో చూచి రాతిని పదునొకండు మెట్లలో ఒకదానియందు నిలుపును.

భూతద్దముతో చూచినను లోపలగాని పైనగాని ఏమియు కనబడనిది ‘ఎఫ్ఎల్’. లోపల ఏమియు లేక పైన స్వల్పమైన గుర్తులు మాత్రముండునది ‘ఐఎఫ్’. నేర్పరికి సైతము మిక్కిలి కష్టముమీద కనబడు దోషము గలవి ‘వీవీఎస్’ ఒకటి, రెండు. కొంత శ్రమతో కనబడునవి ‘వీఎస్’ ఒకటి, రెండు. భూతద్దము పెట్టగనే కనబడునవి ‘ఎస్ఐ’ ఒకటి, రెండు. దోషము స్ఫుటముగా నుండి తరచుగా వట్టికంటికే కనబడునవి ‘ఐ’ ఒకటి, రెండు, మూడు. నిర్ణయమునకు ఐదు సంగతులు చూతురు: దోషపు పరిమాణము, సంఖ్య, స్థానము, స్వభావము, అది ఎంత స్ఫుటముగా కనబడును అనునది. చుక్క ఒక్కటియే యైనను రాతి నడుమ, పైపట్టె క్రింద ఉన్నచో క్రింది ముఖములలో దాని నీడ పలుమారులు ప్రతిఫలించును. అంచున ఉన్నచో నగ పొదుగునప్పుడు బంగారపు పట్టు క్రిందికి పోవచ్చును. అందుచేత స్థానమునకు అంత ప్రాధాన్యము. రంగును వేరుగా, ‘డి’ మొదలు ‘జడ్’ వరకుగల అక్షరములతో చెప్పుదురు.

మన బిందువునకును వారి సూదిమొన చుక్కకును, మన మలమునకును వారు మేఘమను మసకకును, మన రేఖకును వారు ఈకయను పగులునకును పోలిక కనబడును. ఇంతమాత్రమున “ఇదంతయు మన పురాణములనుండి తీసికొనిపోయినదే” అని చప్పట్లు కొట్టుట తగదు. దోషములకు పేర్లు పెట్టుట, వానికి వెల తగ్గించుట మన పూర్వులు చేసిరి. అందరును ఒకే భూతద్దముతో, ఒకే కొలతతో చూచి ఒకే మాట చెప్పవలెనను ఏర్పాటు ఇటీవలిది. ఎవరి కృషి వారిదిగా చెప్పుటయే సత్యవ్రతుల లక్షణము.

గోలకొండ రాళ్ళ కీర్తికి కారణము కూడ తెలిసికొనదగినది. వజ్రము శుద్ధమైన కర్బనము. చాల వజ్రములలో నత్రజని కొంత కలిసియుండి పసుపు చాయ తెచ్చును. నత్రజని దాదాపు లేని వజ్రములను రెండవ తెగ ‘ఏ’ రకమందురు. మన గనులలోని మేలైన రాళ్ళు పెక్కు ఈ రకమునకు చెందినవి. నీటిచుక్కవంటి ఆ తేటదనమువలన గోలకొండ యను మాటయే నేడు వర్తకులలో ఒక ప్రశంసగా నిలిచినది. 2012లో జెనీవాలో వేలము వేసిన ఆర్చ్‌డ్యూక్ జోసెఫ్ అను 76.02 క్యారెట్ల గోలకొండ వజ్రమునకు రంగు ‘డి’, నిర్మలత ‘ఐఎఫ్’ అని నిర్ణయించిరి. తావెర్నియే మన దేశమునుండి కొనిపోయిన నీలవజ్రమునుండి వచ్చిన హోప్ వజ్రము 45.52 క్యారెట్లు తూగును. అది 1958 నుండి వాషింగ్టను నగరపు ప్రదర్శనశాలలో ఉన్నది. 1988లో పరీక్షించి దాని నిర్మలతను ‘వీఎస్1’ అనిరి. లోకప్రసిద్ధమైన ఆ రాయియు భూతద్దము క్రింద దోషరహితము కాదు. అయినను ఎవరును దానిని విసర్జింపలేదు.

పరీక్షకు అందనిది మనుష్యుని మనస్సు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున 1891లో బేరమునకు వచ్చి వ్యాజ్యమునకు కారణమైన జాకబ్ వజ్రము 184.75 క్యారెట్లది. అది దక్షిణాఫ్రికా గనులలో పుట్టినదని విజ్ఞులు చెప్పుదురు. తరువాత చౌమహల్లా భవనమున తండ్రిగారి పాదరక్ష మొనలో అది దొరకగా ఏడవ నిజాము దానిని కాగితములు ఎగిరిపోకుండ బరువుగా ఉంచుకొన్నాడని ప్రసిద్ధి. 1995లో భారతప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాము నగలలో అదియు కలదు. 2001లోను, 2006లోను మన సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో ఉంచినప్పుడు జనులు బారులు తీరి చూచిరి. వెల రాతిలో కొంత, చూచువాని కంటిలో కొంత ఉండును.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. చుక్కయున్న రవ్వను దేవునికి సమర్పింపవచ్చునా? సమర్పింపవచ్చును. ఆ చుక్క భూగర్భమున, మహోష్ణమున, మహాపీడనమున రాయి పుట్టునప్పుడే ఏర్పడిన గుర్తు. అది ఎవరును చేసిన పాపము కాదు. మన గోలకొండ చెరలో మ్రగ్గిన కంచర్ల గోపన్న భద్రాద్రి రామునికి చేయించిన నగలను చూచి భక్తులు చేతులు జోడింతురే గాని, వానిలోని రాళ్ళు ఎన్నవ మెట్టువని అడుగుట మేము ఎన్నడును వినలేదు.

అయితే సమర్పింపరానిది ఒకటి కలదు. పగులులో గాజువంటి ద్రవ్యమును నింపి నిర్మలముగా కనబడునట్లు చేసిన రాళ్ళు నేడు కలవు. లేజరు కిరణముతో సన్నని రంధ్రము చేసి నల్లచుక్కను తొలగించినవియు కలవు. నాటి ఎర్రచుక్కను కాల్చిన నిప్పునకు ఇవి నేటి రూపములు. యంత్రశాలలో పెంచిన వజ్రములును వచ్చినవి. అవియు కర్బనమే గనుక గీతకు, సానకు నిలుచును. తగిన పరికరములతోగాని గుర్తింపశక్యము కాదు. వీనిని ఉన్నదున్నట్లు చెప్పి తగిన వెలకు అమ్మినచో దోషము లేదు. సహజమైనదని చెప్పి అమ్మినచో అది అసత్యము. తెలిసియు దానిని దేవుని మెడలో వేయించుట అసత్యమును అలంకరించుట.

కావున మా మనవి ఇంతే. కొనునప్పుడు వట్టిమాటను నమ్మక పత్రమును అడుగుడు. అందులో నిర్మలతతోపాటు రాయి సహజమైనదా, ఏదైనను చికిత్స పొందినదా అనునది చూడుడు. ‘ఎస్ఐ’ రాతికి ‘ఎస్ఐ’ వెలయే ఇండు. సమర్పించునప్పుడు దాని బరువును, మెట్టును ఆలయపు నగల పట్టీలో ఉన్నదున్నట్లు వ్రాయింపుడు. పాతికేండ్ల తరువాత ఆ నగను తనిఖీ చేయువాడు రాతినిచూచి, పట్టీనిచూచి రెండును సరిపోయినవనవలెను. ముక్కుపుడకలోని చుక్కను అమ్మవారు క్షమించునా యని దిగులుపడవలదు. ఆ పట్టీలో అబద్ధము వ్రాయకుండుటయే మన వంతు.

శుభం భూయాత్.